పలకని బండి

2023 వేసవిలో గజపతినగరంలో డీజిల్ ఆటో మెకానిక్కులకు నెల రోజుల శిక్షణ పెట్టారు. ఎలక్ట్రిక్ ఆటోల రిపేరు నేర్పడానికి ఐటీఐలో ఎలక్ట్రికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న నన్ను వేశారు. వచ్చిన పన్నెండు మందీ నాకంటే పెద్దవాళ్లే. స్టాండులో డీజిల్ ఆటోలు తగ్గిపోతున్నాయని, షెడ్డుకి బండ్లు రావడం లేదని అందరిదీ ఒకటే గోడు.

వాళ్లలో సింహాచలం గారిది చీపురుపల్లి. ముప్పై ఏళ్లుగా అదే పని. పరీక్ష పాసైతే సర్వీసు పనిలోకి తీసుకుంటామని అక్కడి షోరూం వాళ్లు మాటిచ్చారు. అప్పటికే షెడ్డు ఖాళీ చేసేశారు కాబట్టి ఆయనకి ఇంకో దారి లేదు.

మొదటి రోజే జేబులోంచి చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి చూపించారు.

"దీని ములుకు ఇంజనుకి ఆనించి, పిడి సెవికి పెట్టుకుంటే సాలు మేడమ్. బేరింగో, వాల్వో అదే సెప్పేస్తాది."

నేను అన్నీ తెలిసినదానిలా నవ్వాను. "ఇక్కడ చెవులతో పని లేదండీ, మీటరుంటే చాలు," అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వేసి దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఎలక్ట్రిక్ బండి దగ్గర ఆ పని ఎందుకు ప్రమాదమో అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పాఠాలు మాత్రం ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ముందు ఐసొలేటర్ ఆపాలి. అది బ్యాటరీని బండి నుంచి విడదీసే స్విచ్. తర్వాత మల్టీమీటర్ పెట్టి కరెంటు లేదని చూసుకోవాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి. అడిగితే గడగడా అప్పజెప్పేవారు. కానీ మెకానిక్కుల నోట్లో ఒక మాట ఉంది. ఇంజను 'పలికింది' అంటే నడుస్తోందని, 'పలకడం లేదు' అంటే ఆగి ఉందని. ఆ మాట నేను రోజూ వింటూనే ఉన్నాను, పట్టించుకోలేదు.

పరీక్ష రోజు షోరూం సూపర్‌వైజర్ కూడా వచ్చి నిలబడ్డాడు. సింహాచలం గారికి కదలని బండి ఇచ్చాం. ఆయన తాళం తిప్పారు. చప్పుడు లేదు. కంగారులో ఉన్నారేమో, ఐసొలేటర్ జోలికి వెళ్లకుండా సీటు కింద మూత తీసేశారు. స్క్రూడ్రైవర్ ములుకు కంట్రోలర్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకున్నారు. కంట్రోలర్ అంటే మోటారుకి కరెంటు పంపే డబ్బా. ములుకు జారి రెండు టెర్మినళ్లకూ తగిలింది. భగ్గున మెరుపు వచ్చింది.

నేను పరుగున వెళ్లేసరికి ఆయన కుడి చెయ్యి కాలిపోయి ఉంది. నొప్పి కంటే అయోమయమే ఎక్కువగా కనిపించింది ఆయన ముఖంలో.

"ఇదేటి మేడమ్? పలకలేదు గదా! ఆగిపోయి ఉన్నాదనుకున్నాను."

సూపర్‌వైజర్ నా పక్కకొచ్చి, "ఈయన మాకొద్దండీ," అన్నాడు. నేను ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాను. నిబంధన ప్రకారం అది సరైనదే. ఇంటికొచ్చి ఏడ్చాను.

పొగ బండ్లు పోవాలి, కాదనను. కానీ ముప్పై ఏళ్లు ఒక పని చేసిన చెయ్యి నా క్లాసుకి ఖాళీగా రాదని నాకు తెలియలేదు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో మొదటి రోజు పాఠం చెప్పను. ఇన్నాళ్లూ పని ఎలా చేశారో అడిగి వింటాను. ఏ అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుందో ఒక్కొక్కరికీ చూపిస్తాను. ఆయనకి మాత్రం ఇది అక్కరకు రాలేదు.

మరుసటి ఏడు చీపురుపల్లి వెళ్లి కలిశాను. ఒక కల్యాణ మండపం గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుని ఉన్నారు. కుడిచేతి వేళ్లు రెండు వంగడం లేదు. కొత్త బ్యాచ్‌కి రమ్మని బతిమాలాను.

"ఏటి సేస్తాను మేడమ్, ఏళ్లు వంగవు," అన్నారు.

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇంతలో రోడ్డు మీద ఎలక్ట్రిక్ ఆటో ఒకటి చప్పుడు లేకుండా మమ్మల్ని దాటి వెళ్లింది. దాన్ని చూస్తూ ఆయన మెల్లగా అన్నారు.

"సెవులు బాగానే ఉన్నాయి మేడమ్. పలికీవే లేవు."