బెల్ అంచున మా ఇంటి బిళ్ల

కరోనా తగ్గి పెండ్లిళ్లు మళ్లీ జోరందుకున్న ఏడాది. ప్రొద్దుటూరులో నాది బ్యాండు వాద్యాల రిపేరు కొట్టు. ఒకప్పుడు ఆ బ్యాండు వాళ్లు మా వాకిట్లో వరసగా నిలబడి ఊదేవారు. ఆ ఇల్లు చేతులు మారి కల్యాణ మండపమైంది. నేను వాద్యాల సొట్టలు తీస్తాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కునే తీస్తాను.

జమ్మలమడుగు నుంచి ఖాదర్ బాషా వచ్చాడు. ఊరేగింపుల్లో ముందు నడిచి ట్రంపెట్ ఊదేది ఆయనే. ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టుకున్నాడు. పై పెదవి వాచి ఉంది.

"చెయ్యి నిలవడంల్యా అయ్యా. పాట సగానికొచ్చేసరికి ట్రంపెట్ నేల చూస్తాంది. మా బ్యాండు మాస్టరు ఏమంటాండాడో తెల్సా? పెండ్లికొడుకు తలెత్తుకొని పోతాంటే నీ ట్రంపెట్ తల దించుకుంటాందేంది అని. ఈ సీజన్‌కు ట్రంపెట్ ఇడిచిపెట్టి తాళాలు పట్టుకోమన్న్యాడు."

నవ్వుతూనే చెప్పాడు. కళ్లలో మాత్రం నవ్వు లేదు. మీసం రాకముందు నుంచి ఊదుతున్న మనిషి.

"వయసైందంట. డాక్టరు చెప్పినాడు," అన్నాడు.

ట్రంపెట్ బరువు మోసేది ఎడమ చెయ్యి. కుడి చేతి వేళ్లు వాల్వులు, అంటే స్వరం మార్చే మీటలు, నొక్కడానికే. బరువు వాల్వుల దగ్గర నిలిస్తే చేతికి హాయి. ముందుకు పోతే మణికట్టు బిగుస్తుంది. వాద్యం వాలకుండా మనిషి తనకు తెలియకుండానే మౌత్‌పీస్‌ను పెదవికి అదుముతాడు. ఆ వాపు అందువల్లే.

వాల్వుల కింద నా వేలు పెట్టి నిలబెట్టాను. బెల్, అంటే ముందున్న గరాటు నోరు, ఒక్కసారిగా కిందికి వాలింది. దాని అంచున నాలుగు వెండి బిళ్లలు అతికి ఉన్నాయి. మావైపు కొన్ని పెద్దిండ్లలో, ఊదుడు నచ్చితే అలా బిళ్ల అతికించి గౌరవించేవారు. అన్నిట్లోకి పెద్దది అరచెయ్యంత ఉంది. దాని మీద మా ఇంటి పేరు. మా అక్క పెండ్లిలో మా నాయన ఇచ్చింది. మా ఇంట్లో జరిగిన చివరి పెద్ద వేడుక అదే.

"వయసు కాదు బాషా. ఈ బిళ్లలు తియ్యాల," అన్నాను.

"మూడు తీసెయ్ అయ్యా. మీ నాయనది మాత్రం ముట్టుకోవద్దు."

నాకు సంతోషమే కలిగింది. ఊళ్లో మా పేరు నలుగురికీ కనిపించే చోటు అదొక్కటే మిగిలింది. సన్నని మంట పెట్టి, టంకం కరిగించి మూడూ ఊడదీశాను. మళ్లీ వేలి మీద పెట్టాను. అయినా వాలింది.

ఆయన లాక్కొని ఎత్తి పట్టుకున్నాడు. "శానా బాగుండాది!" మెడ నరాలు తేలాయి. బెల్ మళ్లీ నేల చూసింది.

"కింద పెట్టు మామా," అన్నాను. ఆయన్ని అంతకుముందెప్పుడూ అలా పిలవలేదు.

"మీ ఇంటి గుర్తయ్యా అది..."

"మా నాయన నీ ఊదుడు మెచ్చి ఇచ్చినాడు. నీ చేత తాళాలు పట్టించనీకి కాదు."

ఆయన ట్రంపెట్ నా చేతికిచ్చి ముఖం తిప్పుకున్నాడు. మా ఇంటి బిళ్ల నేనే ఊడదీశాను. దాన్ని గొట్టం వెనక వంపుకు, ఊదేవాడి చెంపకు దగ్గరగా అతికించాను. బరువు చేతికి వెనక చేరింది. ఈసారి ట్రంపెట్ వేలి మీద తక్కెడలా నిలిచింది.

"ఈడ పెడితే జనానికి కనపడదే!"

"నీకు కనపడుతుంది గదా."

ఎత్తి ఊదాడు. గుడ్డ చుట్టిన చెయ్యి కదల్లేదు. బిళ్లల బరువు పోయిన బెల్ ఖంగున మోగింది. పక్క కొట్టువాళ్లు బయటికొచ్చి, "ఎవరిదప్పా పెండ్లి?" అని అడిగారు.

ఆ సీజన్‌లోనే ఒక ఊరేగింపు మా కొట్టు ముందు నుంచి మండపానికి పోయింది. అందరికంటే ముందు ఖాదర్ మామ. బెల్ నున్నగా మెరుస్తూ, ఎత్తుగా ఉంది. దాని మీద ఎవరి పేరూ లేదు. నేను లేచి నిలబడ్డాను.

అప్పటినుంచి ఏ వాద్యం వచ్చినా ముందు వేలి మీద పెట్టి చూస్తాను. దాని మీది బిళ్ల ఎవరిచ్చారన్నది తర్వాతే అడుగుతాను, అది మా ఇంటిదైనా సరే.