బిడ్డ మొక్కు, బాపు ఒక్కపొద్దు

అది 2019, కరోనాకు ముందటి ఏడాది. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోయే రోడ్డు మీద ఒక పెద్ద దవాఖానలో నేను స్టడీ నర్సుగా పనిచేసేదాన్ని. స్టడీ నర్సు అంటే పరిశోధనలో చేరిన పేషెంట్ల రక్తం తీయాలి, బరువు, నాడి చూడాలి, వాళ్లు లేచిపోకుండా మాటల్లో పెట్టి కూర్చోబెట్టాలి. ఆ మూడోదే అసలు పని, దానికి నా నోరు బాగా పనికొచ్చింది. మా పరిశోధన ఈటింగ్ డిజార్డర్ల మీద. తిండితో మనిషికి పేచీ వచ్చి అది జబ్బుగా ముదిరితే ఒంట్లో ఏం జరుగుతుంది, మనసులో ఏం జరుగుతుంది అన్నది మేం చూసేవాళ్లం. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. ఆటోలో ఆడవాళ్లు ఏం పని అని అడిగితే చెప్పేదాన్ని. "తిననోళ్ల మీద గూడ చదువులున్నయా సిస్టర్? మా ఇంట్ల తినేటోళ్ల మీద చెయ్యుండ్రి, బియ్యం నిలుస్తలేవు" అని పకపకా నవ్వేవాళ్లు.

మా గదిలో రోజూ పొద్దున్నే ఉప్మా ఉండేది. దాన్ని టెస్ట్ మీల్ అంటారు. అందరికీ ఒకే కొలతలో తిండి పెట్టి, తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీసి గ్రెలిన్ ఎంతుందో చూస్తారు. గ్రెలిన్ అంటే ఆకలవుతోందని పొట్ట నుంచి మెదడుకు కబురు మోసే హార్మోన్. గిన్నెలో మిగిలిన ఉప్మా నేనూ డాక్టర్ మేడమ్ పంచుకునేవాళ్లం. మేడమ్‌ది గుంటూరు వైపు. ఇంటి నుంచి కారప్పొడి తెచ్చుకుని ఉప్మా మీద ఎర్రగా చల్లుకునేవారు. "మీకు నాలుక ఎప్పుడో కాలిపోయింది మేడమ్" అంటే, "నీకు ఉన్నా లాభం లేదు పద్మా, రుచికి వాడవు కదా" అనేవారు. ఆ గదిలో ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల కంప్యూటర్లు పెట్టారు. మేడమ్ విజయవాడ వెళ్లిపోయారు. అటువైపు పని పడి వెళ్లినప్పుడల్లా, ఎన్నెన్ని మాటలు చెప్పుకున్నాం ఇక్కడ అనిపించి కాసేపు నిలబడిపోతాను.

ఆ ఏడు ఆషాఢంలో, బోనాల రోజుల్లో, మౌనిక వచ్చింది. పేరు మార్చి రాస్తున్నాను. డిగ్రీ రెండో సంవత్సరం. చేవెళ్ల అవతల ఒక ఊరు. కాలేజీ బస్సు మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడిపోయిందని వాళ్ల బాపు కారులో తీసుకొచ్చాడు. ఆయన ఆ ఊరి సర్పంచ్. తెల్ల చొక్కా, వెనకాల ఇద్దరు మనుషులు. పక్కన ఆయన తల్లి నర్సవ్వ. పిల్ల చెయ్యి పట్టుకుని చూశాను. నాడి నలభై దగ్గర కొట్టుకుంటోంది. చేతులు మంచుముద్దలు. ముంజేతుల మీద పసిపిల్లలకుండేలాంటి సన్నటి నూగు. కొవ్వంతా కరిగిపోయిన ఒళ్లు వెచ్చదనం కోసం అది పెంచుకుంటుంది. నెలసరి ఆగి చాలా రోజులైందట.

మేడమ్ మెల్లగా చెప్పారు, ఇది అనోరెక్సియా నెర్వోసా కావచ్చు, తిండి మానుకునే జబ్బు, చేర్పించాలి అని.

సర్పంచ్ నవ్వాడు. "అసొంటి రోగాలేం లేవు మేడమ్. నా బిడ్డ ఒక్కపొద్దులుంటది. నేను నామినేషన్ ఏసిన్నాడు శనివారాలు పట్టింది. నేను గెలిచిన. ఊరంత గదే మాట, బిడ్డ ఒక్కపొద్దులే గెలిపిచ్చినయని. ఇగ సోమవారం పట్టింది, గురువారం పట్టింది. నా టర్ము అయిపోయేదాక ఉంటనన్నది. దేవుని దయతోని దానికి ఆకలే కాదు."

టర్ము అంటే ఐదేళ్లు. ఈ పిల్ల ఐదు వారాలు ఉంటే గొప్ప.

వెనకాల ఉన్న మనుషులు భక్తిగా తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. పగవాడైతే తిట్టొచ్చు, ఈయన ప్రేమతో చంపుతున్నాడు, ఏమనాలి! పైగా మా స్టడీలో ఒక నిబంధన ఉండేది. దేవుడి పేరున ఉపవాసాలుండే వాళ్లను చేర్చుకోకూడదు, హార్మోన్ల లెక్క తప్పుతుందని. ఆ మాట నేను గుర్తుచేస్తే మేడమ్ కసురుకున్నారు. "స్టడీ సంగతి దేవుడెరుగు పద్మా. ఈ అమ్మాయి ఇవాళ ఇంటికెళితే గుండె ఆగిపోవచ్చు. ముందు చేరేలా చూడు."

సర్పంచ్ మాత్రం ఒక్కటే పట్టు. "మొక్కు నడుమల ఇడిస్తే అరిష్టం. ఒక గ్లూకోజ్ సీసా ఎక్కియ్యుండ్రి, తీస్కపోత." ఆ మాట చెప్పి ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లాడు.

నేను మౌనికను మా గదికి తీసుకెళ్లాను. నర్సవ్వ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆ రోజు బుధవారం. ఒక్కపొద్దు లేని రోజే కదా అని ప్లేటులో రెండు చెంచాల ఉప్మా పెట్టి ముందుంచాను. అంతకన్నా ఎక్కువ పెట్టొద్దని మేడమ్ చెప్పారు. పిల్ల దాన్ని చెంచాతో అటు నెట్టింది, ఇటు నెట్టింది.

"సిస్టర్, ఇయ్యాల బుధారం గదా. వినాయకునికి ఉంటున్న."

"మరి నిన్న?"

"ఆంజనేయసామికి."

"శుక్రారం?"

"అమ్మవారికి."

"ఆదివారం సూర్యుడు గావొచ్చు?"

తల వంచుకుంది. నేను ఊరుకోలేకపోయాను. "ఏం పిల్లవే తల్లీ! వారంల ఏడు దినాలు, ఏడుగురు దేవుళ్లను పట్టినవ్. అండ్ల ఒక్క దేవుడన్న జర తిను బిడ్డా అనలేదా నిన్ను?"

నవ్వుతుందనుకున్నాను. చెంచా వదిలేసి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి మాట వచ్చింది.

"ఆకలైతది సిస్టర్. మస్తు ఆకలైతది. క్లాసుల కూసున్నా తిండే యాదికొస్తది. రాత్రి కలల గూడ తింట. గని ముద్ద నోటికాడికొస్తే భయమైతది."

"దేనికి భయం?"

"మొదాలు అందరు మెచ్చుకున్నరు. సన్నగయినంక ఇంక మెచ్చుకున్నరు. ఊర్ల ఆడోళ్లొచ్చి నా కాళ్లు మొక్కుతున్నరు. ఇప్పుడు తింటే, మళ్ల లావైతే, నేనెవలని సిస్టర్?"

మనసుకూ ఒంటికీ మధ్య జరిగే యుద్ధమని పాఠంలో చదువుకున్నాను కానీ, ఇంత చిన్న గొంతుతో వినలేదు. "బాపుకు చెప్పనా?" అన్నాను. "వద్దు సిస్టర్, మీ కాళ్లు మొక్కుత. బాపు ఇజ్జత్ పోతది" అంది. సరేనని మాటిచ్చాను, మేడమ్‌కు తప్ప ఎవరికీ చెప్పనని.

ఇద్దరం నర్సవ్వను మరిచిపోయాం. ఆమె చెవిటిది కాదు. లేచి కొంగు నడుముకు చుట్టుకుని వరండాలోకి వెళ్లింది. కొడుకు ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు, మనుషులు పక్కనే ఉన్నారు. లోపల విన్నదాంట్లో ఒక్క ముక్క బయటపెట్టలేదు ఆ తల్లి.

"ఫోన్ పెట్టురా. ఒక్క మాట చెప్పు. ఓట్లెవలికి పడ్డయ్?"

"నాకే అవ్వా."

"కుర్చీల ఎవలు కూసుంటున్నరు?"

"నేనే."

"మరి పస్తులు పిల్లెందుకుండాలె? కుర్చీ నీది, మొక్కు నీది. ఒక్కపొద్దులు నువ్వుండు. ఇంటి మొక్కు ఇంట్ల ఎవలు తీర్చినా చెల్లుతది. నమ్మకపోతే పంతులుకు ఫోన్ చెయ్."

చేశాడు కూడా. పంతులు చెల్లుతుందనే అన్నాడు. వెనకాల మనుషులు "నిజమే గదన్నా" అన్నారు. పదిమందిలో ఇక తప్పించుకునే దారి లేదు. సర్పంచ్ మొహం చూడాలి అప్పుడు! దావత్ లేనిదే మీటింగ్ పెట్టని మనిషట. ఆ సాయంత్రమే మౌనికను చేర్పించారు.

చేరాక ఇంకో తంటా. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా నిండా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే రోజూ రక్తం చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచాలి. ఆ ఆదివారం నర్సవ్వ డబ్బా నిండా మటన్ బొక్కల పులుసు, బగారా అన్నం పట్టుకొచ్చింది. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, ఇప్పుడే గిది పెడితే పిల్లకు పాణం మీదికొస్తది."

"నిన్నటిదాక తింటలేదని లొల్లి. తెస్తే తెచ్చినవని లొల్లి. మీరు డాక్టర్లా, అత్తగార్లా?"

ఆ పులుసు చివరికి నేనూ మేడమ్ తిన్నాం. మేడమ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కారం చాలలేదని మాత్రం అనలేదు. తింటూనే నాకు పాఠం చెప్పారు. "ఈ జబ్బులో గ్రెలిన్ తగ్గదు పద్మా, సాధారణంగా ఎక్కువే ఉంటుంది. పొట్ట తలుపు కొడుతూనే ఉంటుంది. లోపల భయం గడియ వేసుకుని కూర్చుంటుంది. అది మొండితనం కాదు, వరమూ కాదు."

మౌనిక కోలుకోవడానికి రెండేళ్లకు పైనే పట్టింది. మధ్యలో ఒకసారి మళ్లీ జారింది, మళ్లీ చేరింది. మేడమ్ దగ్గర కూర్చుని ఎన్నోసార్లు ఏడ్చింది. ఇప్పుడు శంకర్‌పల్లిలో ఉద్యోగం చేస్తోంది. కానీ ఎవరైనా ఆ కేసు గురించి అడిగితే నాకు కళ్లముందు కదిలేది ఆమె చేరిన వారంలోనే వచ్చిన శనివారం సాయంత్రం.

మొక్కు శనివారంతో మొదలైందని సర్పంచ్ కూడా దానితోనే మొదలుపెట్టాడు, అది ఆయన మొదటి ఒక్కపొద్దు. పొద్దుగూకే వేళకు వార్డుకొచ్చాడు. చొక్కా నలిగిపోయింది, పెదాలు ఎండిపోయాయి. దారిలో గుడి దగ్గర దీపం పెట్టి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని నేరుగా వచ్చాడు, బిడ్డను చూసి తింటానని. అప్పుడే నేను మౌనికకు ఇడ్లీ, పాలు తెచ్చి పెట్టాను. ఆయన మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమైంది బాపు, గట్లున్నవ్?" అంది మౌనిక.

"ఏం జెప్పాలె బిడ్డా. పొద్దుగాల్ల సంది కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్. తలకాయ పలుగుతున్నది. ఎవలు మాట్లాడినా కోపమొస్తున్నది. ఇంకో గంటైతే పడిపోతుంటి."

మౌనిక ఇడ్లీ వైపు చూస్తూ అంది. "నాకు ఎలక్షన్ల సంది రోజూ గట్లనే ఉండె బాపు."

ఆయన డబ్బా మూత తీస్తున్నవాడు ఆగిపోయాడు. బిడ్డ వైపు తిరిగాడు.

"మరి చెప్పలేదేంది బిడ్డా?"

"తిన్నవా అని అందరడిగిండ్రు బాపు. తిన్న అన్న. ఆకలైతున్నదా అని ఒక్కలడగలే."

ఆయన డబ్బా కింద పెట్టాడు. అంత మనిషి, వార్డులో అందరూ చూస్తుండగా, బిడ్డ కాళ్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. మౌనిక ఆయన తల నిమిరింది. కాసేపటికి "తిను బాపు, సల్లగైతది" అంది. ఆయన తిన్నాడు. తింటున్న ఆయన్ను చూస్తూ, అడుగుతున్నట్టు నా వైపు ఒకసారి చూసి, ఆ పిల్ల ఇడ్లీ ముక్క తుంచుకుని నోట్లో పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను, ఏడుస్తున్నానని వాళ్లకు తెలియకూడదని.

మన ఇళ్లలో మనిషి కనపడగానే తిన్నావా అని అడుగుతాం. మంచి అలవాటే. దానికి అబద్ధం చెప్పడం మాత్రం చాలా తేలిక. అందుకే ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ఏ పిల్లనూ ఆ మాట అడగలేదు. పక్కన కూర్చుని "ఆకలైతున్నదా బిడ్డా?" అని అడుగుతాను. చాలామంది జవాబు చెప్పరు, ఏడుస్తారు. అప్పుడు మేం వైద్యం మొదలుపెడతాం.