క్రిమికి వంశవృక్షం గీసిన మేడమ్

పోయిన ఆదివారం ఉదయం కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి మేడమ్ గారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. మార్నింగ్ కాఫీ కలుపుకుని సోఫాలో కూర్చుంది, అంతే. హార్ట్ అన్నారు," అంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాటలు వెతుక్కుంటూ చెప్పింది. దేశానికి ఇవతలి కొసన, మోరిస్‌విల్‌లో మా గరాజ్‌లో కార్ కీస్ చేత్తో పట్టుకుని, ఎక్కడికి బయల్దేరానో మరిచిపోయి నిలబడిపోయాను.

మేడమ్ నాకు బంధువు కాదు. పీహెచ్‌డీ అయ్యాక నేను పోస్ట్‌డాక్‌గా చేరిన ల్యాబ్‌ను నడిపిన మనిషి. గుంటూరులో డాక్టరీ చదివి, ఈ దేశం వచ్చి, ఉద్యోగ జీవితమంతా క్షయ క్రిమితోనే గడిపారు. ల్యాబ్‌లో అందరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాలేదు. "మేడమ్ ఏంటమ్మా, ఇదేమన్నా మన కాలేజీనా?" అని నవ్వేవారు గానీ పిలిస్తే పలికేవారు.

మధ్యాహ్నం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. ఫ్రీవే మీద ఎప్పుడూ నెమ్మదిగా పోయేవాళ్ళ కుడి లేనే, వెనకాల ఎవరెంత హారన్ కొట్టినా సరే. నేను కొత్త రిజల్ట్ పట్టుకెళ్తే కంప్యూటర్ మూసేయించి, "జీనోమ్ అన్న మాట వాడకుండా మా అమ్మకి చెప్పినట్టు చెప్పు," అనేవారు. నేను తడబడితే ఆవిడే చెప్పేవారు. "పరీక్షలో ఒకళ్ళ పేపర్ చూసి ఇంకొకళ్ళు రాశారనుకో, ఒకే తప్పు ఇద్దరి దగ్గరా ఉంటుంది కదా? క్రిమి కూడా అంతే. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి పాకుతూ తన అక్షరాలు తనే కాపీ చేసుకుంటుంది. అప్పుడప్పుడూ తప్పు రాస్తుంది. ఆ తప్పులు పోల్చి చూస్తే అది ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది." ఇప్పుడు నా విద్యార్థులకు నేనూ ఇదే చెబుతున్నాను.

ఆవిడ చేసిన పనుల్లో నేను కళ్ళారా చూసినది ఒకటుంది. అలాస్కా ఉత్తర తీరంలో, రోడ్డు లేని ఇన్యుయిట్ ఆదివాసుల పల్లె ఒకదానిలో క్షయ పాకింది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే కొట్టు. అందులో పనిచేసే అమ్మాయి యాంకరేజ్ సిటీలో కొన్నేళ్ళుండి తిరిగొచ్చింది, తర్వాత జబ్బు పడింది. సిటీ నుంచి ఆమే తెచ్చిందని ఊరంతా నమ్మింది. మందులు వాడి, ఇక ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పాక కూడా ఆమె చేతి నుంచి సరుకులు తీసుకునేవారు కాదు. ఊరి పెద్దలు, ఆరోగ్య శాఖ కలిసి మా ల్యాబ్ సాయం అడిగారు.

ఆమె రాకకు ముందే జబ్బు పడిన ఒకరిద్దరి కఫం నమూనాలు ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ పాత కేసులకూ దీనికీ సంబంధం లేదని ఊళ్ళో అనుకున్నారు. వాటిలో ఉన్న తప్పులన్నీ ఆమె క్రిమిలోనూ ఉన్నాయి, పైన ఇంకొక కొత్త తప్పు. అంటే జబ్బు ఆమె కంటే ముందే ఊళ్ళో ఉంది. ఆమె తెచ్చింది కాదు, ఆమెకే అక్కడ అంటుకుంది.

"మేడమ్, రిపోర్ట్ ఈమెయిల్ చేసేద్దామా?" అన్నాను.

"ఈమెయిల్ చేస్తే ఆ అమ్మాయి పక్కన ఎవరైనా వచ్చి కూర్చుంటారా? టికెట్లు బుక్ చెయ్."

వెళ్ళగానే మేడమ్ మొదట ఆ అమ్మాయిని కలిశారు. ఆమె గురించి నలుగురిలో చెప్పడానికి అనుమతి అడిగారు. ఆమె, "చెప్పండి. గట్టిగా చెప్పండి," అంది.

స్కూల్ జిమ్‌లో ఊరంతా చేరింది. మేడమ్ పరీక్ష పేపర్ల కథే ఇంగ్లిష్‌లో చెప్పారు. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి జబ్బు తేలేదని చెప్పగానే తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ముందు వరసలోంచి ఒక ముసలాయన, "అయితే ఆమెకు అంటించింది ఎవరు?" అని అడిగాడు.

"నేను క్రిమికి వంశవృక్షం గీశాను. మనుషుల మీద నేరం మోపడానికి గీయలేదు," అన్నారు మేడమ్. తర్వాత, "చదువుకునే రోజుల్లో నాకూ ఈ జబ్బు వచ్చింది. హాస్టల్లో నా మంచం వరండాలోకి మార్చారు. మాత్రలతో జబ్బు నయమైంది. ఆ వరండా మాత్రం ఇంకా గుర్తుంది," అన్నారు.

అన్నేళ్ళు ఆవిడ పక్కన పనిచేసిన నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ముసలాయన నెమ్మదిగా లేచాడు. "నన్ను చిన్నప్పుడు ఇదే జబ్బుకి విమానం ఎక్కించి దూరపు ఆసుపత్రిలో పెట్టారు. ఏళ్ళ తర్వాత నయమై వచ్చేసరికి మా అమ్మ మాట్లాడేది నాకు అర్థం కాలేదు. మన భాష మరిచిపోయాను," అన్నాడు. మళ్ళీ, "మీ పరీక్ష ఏదో అందరికీ చేయండి. ముందు నాకు చేయండి," అన్నాడు. వెళ్ళి ఆ కొట్టు అమ్మాయి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

బయటి నుంచి వచ్చేవాళ్ళను అనుమానించడం మాని, ఊళ్ళోనే ఇంటింటికీ పరీక్షలు చేశారు. జబ్బుందని తెలియకుండా దగ్గుతున్నవాళ్ళు బయటపడ్డారు. మందులు సకాలంలో అందాయి. కొత్త కేసులు తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోయాయి. ఆ కబురు వచ్చిన రోజు మేడమ్ ల్యాబ్ అంతటికీ పులిహోర చేసి తెచ్చారు. పొగిడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "ముందు మనిషి, తర్వాతే శాంపిల్. అది గుర్తుంటే మిగతాదంతా మిషన్ చేస్తుంది," అనేవారు.

నాకిప్పుడు పదే పదే కనిపిస్తున్నది మేము ఆ ఊరి నుంచి తిరుగు ప్రయాణమైన ఉదయం. చిన్న విమానం మంచు మీద ఆగి ఉంది. సామాను పట్టుకుని నేను ముందే వచ్చి చూస్తున్నాను. దూరం నుంచి మంచు మీద పరిగెత్తే బండి, స్నోమొబైల్ వస్తోంది. నడుపుతున్నది కొట్టు అమ్మాయి. వెనక, ఎవరిదో పెద్ద పార్కా కోటు తొడుక్కుని, ఆమె నడుము రెండు చేతులా వాటేసుకుని, వీపుకు చెంప ఆనించి మేడమ్. ఫ్రీవే మీద కుడి లేన్ దాటని మనిషి, "ఇంకా స్పీడ్‌గా పోనీ అమ్మా!" అని తెలుగులోనే అరుస్తున్నారు. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో ఏమో, బండిని ఒక్కసారిగా ఉరికించింది. ఇద్దరి వెనకా మంచు తెల్లగా లేచింది.