నా వైపు మొగ్గిన తక్కెడ

నిన్న పొద్దున నేను టీచర్‌గా చేసే స్కూల్‌కి రెడీ అవుతుంటే కోరుట్ల నుంచి ఫోన్. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య.

"అవ్వ పోయిందే" అన్నాడు.

అవ్వ అంటే వాళ్ళమ్మ, మా పెద్దమ్మ. అయినా ఎవరి అవ్వ అని అడిగాను నేను. నిజంగానే అర్థం కాలేదు.

మొన్న ఆదివారమే కదా వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడింది. అందరూ "బాగున్నావా" అని అడుగుతారు. మా నర్సవ్వ పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ ఒక్కటే అడిగేది.

"ఎంత తూగుతున్నవ్ బిడ్డా?"

నేను చెప్పేలోపే కాల్ కట్ అయింది. మళ్ళీ చేద్దాంలే అనుకున్నాను.

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో పోతున్నంతసేపూ ఆ ఒక్క మాటే చెవుల్లో.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి తెలియదు. చిన్నప్పుడు నాకు బ్లడ్ క్యాన్సర్. అప్పటికి ఇంకా బళ్ళో కూడా వేయలేదు.

మాది సిరిసిల్ల. ఇంట్లోనే సాంచాలు, అంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే దూది దుమ్ము మా అన్నం కంచాల్లోకి కూడా వచ్చేది. పాపకు దుమ్ము అస్సలు తగలకూడదని హైదరాబాద్ డాక్టర్ గట్టిగా చెప్పాడు. సాంచాలు ఆపితే ఇల్లు ఎట్లా నడుస్తుంది? నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ కబురు విని అమ్మ వాళ్ళక్క, మా పెద్దమ్మ, కోరుట్ల నుంచి దిగింది. ఎవరినీ అడగలేదు. నా బట్టలు మూట కట్టేసింది.

"పోరి నా దగ్గరుంటది. నువ్వు సాంచాలు నడిపించుకో మరిదీ" అందట నాన్నతో.

పెద్దమ్మ బీడీలు చేసేది. నేను వెళ్ళిన రోజే తంబాకు చాటను తీసి ఎదురింటి అరుగు మీద పెట్టింది. నేనున్నన్నాళ్ళూ అది గడప దాటి లోపలికి రాలేదు. చలికాలం కూడా దుప్పటి కప్పుకుని ఆ అరుగు మీదే బీడీలు చుట్టింది.

అవి మా వైపు నక్సలైట్ల రోజులు. బంద్ అంటే బస్సు ఉండదు. బస్సు లేకపోతే నాకు ఇంజెక్షన్ లేదు. బంద్ అన్న మాట చెవిన పడితే చాలు, అమ్మ కోరుట్లకు వచ్చి నన్ను చంకనేసుకుని ముందురోజే హైదరాబాద్ బస్సెక్కేది. ఆస్పత్రి వరండాలో పడుకునేవాళ్ళం.

అక్కడ ముందు నన్ను తూచేవాళ్ళు.

తర్వాత అమ్మ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసేది. సిరిసిల్లలో నాన్న, కోరుట్లలో పెద్దమ్మ, ఇద్దరిదీ అదే ప్రశ్న. ఎంత తూగింది? వెళ్ళిన ప్రతిసారీ నేను తగ్గిపోతూనే ఉండేదాన్ని.

అప్పుడే పెద్దమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. నాకు నయమైతే ఎత్తు బెల్లం ఇస్తానని. తక్కెడలో ఒకవైపు నేను, ఇంకోవైపు నాకు సరితూగే బెల్లం.

నయమైంది.

డాక్టర్ ఇక మందులు చాలన్న వారమే పెద్దమ్మ నన్ను కిరాణా షాపుకి తీసుకెళ్ళి తూయించింది. నా అంత బెల్లం సంచిలో కట్టించింది. ఇంతలో మళ్ళీ బంద్. తర్వాత ఎక్కడో కల్వర్టు పేల్చారని ఆ రూట్లో బస్సులే బంద్. సంచి అటకెక్కింది. నేను మాత్రం పెద్దమ్మ చేసే సర్వపిండి, కోడిగుడ్లు తింటూ హాయిగా కూర్చున్నాను.

చివరికి ఒకరోజు బస్సు కదిలింది. చందుర్తి దగ్గరికి రాగానే పోలీసులు ఆపి అందరినీ దింపారు. మా సంచి విప్పారు.

"గింత బెల్లమెందుకే? గుడుంబాకా, అడివిలున్నోళ్ళకా?" అన్నాడు ఎస్సై. సంచిని జీపులో వేయమన్నాడు.

పెద్దమ్మ సంచి మూతిని రెండు చేతులా పట్టుకుని వదలకపోవడం నాకు ఇప్పటికీ గుర్తు. ఆమె భయం స్టేషన్ గురించి కాదు. బెల్లం పోతే మొక్కు తప్పుతుంది, నా జబ్బు తిరగబెడుతుంది అని.

"గిది రాజన్న సొమ్ము సారూ. పెద్ద బీమారి నుంచి బయటవడ్డది గీ పోరి. దీని ఎత్తు బెల్లం. నమ్మకపోతే జోకి సూడు!"

రోడ్డు పక్కనే వడ్లు కూడా కొనే కిరాణా షాపు, దాని ముందు పెద్ద తక్కెడ. ఎస్సై ఏదో అనేలోపే పెద్దమ్మ నన్ను ఎత్తి ఒక పళ్ళెంలో కూర్చోబెట్టేసింది. ఇంకోదాంట్లో కానిస్టేబుల్ సంచి పెట్టాడు.

నా వైపు దబ్బున కిందికి దిగింది. బెల్లం పైకి లేచింది.

"తేడా ఉన్నది గదా! అబద్ధం చెప్తున్నవా?" అని ఎస్సై గర్జించాడు.

పెద్దమ్మ తక్కెడ వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత నడిరోడ్డు మీద చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"బెల్లం తక్కువవడ్డది సారూ! మా పోరి పెరిగింది! బరువెక్కింది నా బిడ్డ!"

ఏడుస్తోంది, నవ్వుతోంది. సంగతి తెలిసి బస్సులోవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒక ముసలమ్మ నా టోపీ తీసి, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు నిమిరింది. కండక్టర్ అయితే బస్సు కదలకుండానే "రైట్ రైట్" అని అరిచాడు.

షాపాయన లోపలి నుంచి బెల్లం గడ్డలు తెచ్చి ఒక్కొక్కటే వేస్తున్నాడు. ఇంకా నేనే కింద. పెద్దమ్మ ఎస్సై వైపు తిరిగింది.

"నిలవడి సూస్తవేంది సారూ? నువ్వో గడ్డ ఎయ్యి!"

ఆయన వేశాడు. అప్పుడు సరితూగింది.

ఆ రోజు నుంచి మా పెద్దమ్మకు నా బరువే పండుగ. నేను డైట్ అంటే ఫోన్ పెట్టేసేది. నేను రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె సంబరం చూడాలి, నా బరువు కోరుట్ల మొత్తం చెప్పుకొచ్చింది.

నిన్న పెద్దమ్మను చూడడానికి వాడకట్టంతా వచ్చింది. ఆమెతో కలిసి అరుగు మీద బీడీలు చేసినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడుస్తూనే "మంచిగ లావైనవ్ బిడ్డా" అన్నారు. ఆమె ఉంటే ఎంత మురిసిపోయేదో.

పెద్దమ్మా, ఆదివారం అడిగావు కదా. చెప్పేలోపే కాల్ కట్ అయింది.

డెబ్బై రెండు కిలోలు, పెద్దమ్మా.

ఇక నిమ్మళంగా పండుకో.