ముందుబల్ల

తొమ్మిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. పట్టుమని పది మాటలు లేవు అందులో. నేను అన్నదే. అబద్ధం. దాన్ని నమ్మినవాళ్లు ఇప్పటికీ నమ్ముతూనే ఉన్నారు. నమ్మనిది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, పోయిన నెల వరకు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పి ఉండేదాన్ని.

నేను టీచర్ని. సీలేరు మీద కట్టిన డ్యాము వల్ల మా కొండల మధ్య నీళ్లు నిలిచిపోయాయి. ఇవతలి గట్టున మా ఇల్లు, మా చర్చి. అవతలి గట్టున నేను పాఠం చెప్పే బడి, దాని పైన కొండవాలులో ఆదివాసీల ఊరు. బోటు లేని రోజుల్లో గట్టు వెంట చుట్టూ తిరిగి రెండు గంటలు నడిచేదాన్ని. తర్వాత మైదానం వైపు పెద్ద సంఘంవాళ్లు మా చర్చికి ఒక చిన్న ఫైబరు బోటు ఇచ్చారు, ఇంజనుతో సహా. సంఘ కార్యదర్శిని నేనే కాబట్టి దాని పెత్తనం నాకొచ్చింది. ఇరవై నిమిషాల్లో బడికి చేరిన మొదటి రోజు నేను దేవుడికి చెప్పిన స్తోత్రాలు ఇన్నీ అన్నీ కావు.

బోటుకి ఒక జబ్బు ఉండేది. ఇంజను, పెట్రోలు డబ్బా, నడిపేవాడు, సామాన్లు, నేను, అందరం వెనకే. వేగం అందుకోగానే దాని ముక్కు పైకి లేచేది. నడిపేవాడికి ఎదర ఆకాశం తప్ప నీళ్లు కనపడేవి కావు. గాలి ఉన్న రోజున ఆ లేచిన ముక్కు అలల మీద దభీ దభీమని పడేది.

విశాఖపట్నం నుంచి ఇంజను మేస్త్రి నూకరాజుని పిలిపించాను. అతను ఒక పూటంతా బోటు నడిపి చూసి, ఇంజను వాలు మార్చి మళ్లీ నడిపి చూసి, పెదవి విరిచాడు.

“ఎనకమాల అడుగున రెండు స్టీలు రేకులు బిగించాలి టీచరమ్మగారూ. ట్రిమ్ ట్యాబులంటారు. పరుగులో నీళ్లే ఆటిని తోసి ఎనక భాగాన్ని లేపుతాయి, ముక్కు దానంతటదే దిగిపోద్ది. లేపోతే ముందు కూకున్నోళ్ల నడుములు ఇరిగిపోతాయి.”

నడుములు విరిగిపోతాయి అన్నాడు. నేను విన్నాను. మాటవరసకి అన్నాడని సర్దిచెప్పుకున్నాను. కాదు, అప్పుడు అలా కూడా అనుకోలేదు. నేను అడిగింది ఒక్కటే, ఎన్నాళ్లు పడుతుందని. రేకులు తెప్పించి, బోటుని గట్టెక్కించి, కన్నాలు వేసి, నీళ్లు కారకుండా పూసిన సీలు ఆరబెట్టి, ఎంతలేదన్నా రెండు వారాలన్నాడు.

రెండు వారాలు. అంటే రెండు వారాలు నేను నడవాలి, నా మోకాళ్లతో. ఇదీ అసలు సంగతి. కమిటీలో మాత్రం ఇది చెప్పలేదు. దేవుని పని కోసం వచ్చిన కొత్త బోటుకి కన్నాలు పొడిపిస్తామా అని అడిగాను. ముందు బరువు లేకనే కదా ముక్కు లేస్తోంది, ముందుబల్ల మీద మనుషుల్ని కూర్చోబెడితే సరి అన్నాను. టీచరమ్మ బుర్రే బుర్ర అన్నారు పాస్టరుగారు. ఆ మెచ్చుకోలు రెండు రోజులు నా చెవుల్లో తియ్యగా మోగింది.

ముందుబల్ల మీద ఎవరు కూర్చుంటారు? నేనా? నీళ్లన్నీ ముఖాన పడే చోటు అది. వారం వారం సంతకి పసుపు, కొండచీపుర్లు తెచ్చే ఆదివాసీలు కూర్చున్నారు. కూర్చోమంటే కూర్చున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వాళ్లని మనుషులుగా కాక ఇసుక బస్తాలుగా వాడుకున్నానని ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అప్పుడు నోరు ఆగలేదు. “ముందుకెళ్లండి, ఇంకా ముందుకి” అని అరుస్తూనే ఉండేదాన్ని.

వాళ్లలో బుద్రి ఒకామె. గట్టి మనిషి. రెండు మోపులు ఒక్కసారే నెత్తిన పెట్టుకుని కొండ దిగేది. కూతురు నా బడిలోనే మూడో తరగతి. నువ్వు ముందు కూర్చుంటే బోటు బుద్ధిగా ఉంటుంది బుద్రీ అని నేను ఏడిపిస్తే పళ్లన్నీ కనపడేలా నవ్వేది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు వేసవి చివర, మధ్యాహ్నం. బోటులో నడిపేవాడు, నేను, ముందుబల్ల మీద బుద్రి, అంతే. కొండల మీద మబ్బు కమ్మింది, గాలి లేచింది. నా దగ్గర బడి రిజిస్టర్లున్నాయి, తడుస్తాయని భయం. బేగి పోనీ, బేగి పోనీ అని నడిపేవాణ్ణి తొందరపెట్టింది నేనే. నీళ్ల మధ్యలో బోటు ముక్కు ఒక్కసారి బాగా ఎగిరి పడింది. బుద్రి కూర్చున్నచోటునే ముందుకి వాలిపోయింది. అరవలేదు. గట్టు చేరాక లేవబోయి, లేవలేక, నా వైపు చూసింది. రిజిస్టర్లు తడవలేదు.

జీపులో పడుకోబెట్టి కొండ దిగువ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుకి ఆమె ఒడియా కలిసిన మాట రాదు. నాకు వచ్చు. అందుకే నేను పక్కన నిలబడ్డాను. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, నడుములో ఒక పూస నలిగిపోయిందన్నాడు.

“ఎక్కడి నుంచి పడింది?” అని అడిగాడు.

నేను ఆమెని అడిగాను. ఆమె తన మాటలో, ఆయాసపడుతూ చెప్పింది. పడలేదమ్మా, బోటు ముందుబల్ల మీద కూర్చున్నా, బోటు ఎగిరి పడింది, లోపల ఏదో పుటుక్కుమంది అంది. అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

నేను డాక్టరు వైపు తిరిగాను. నడుములు ఇరిగిపోతాయన్న నూకరాజు గొంతు నా చెవిలో వినపడింది. బోటు అని రాస్తే ఎవరి బోటు అంటారు. రేకులు ఎందుకు వేయించలేదంటారు. వద్దన్నదెవరంటారు.

“అడ్డాకు కోస్తూ గద్దబండ మీంచి జారి పడిందట సార్” అన్నాను.

ఆయన రాసుకున్నాడు. బుద్రి కళ్లు మూసుకుంది.

అబద్ధానికి కూడా ఒక చోటు కావాలి కదా. గద్దబండ ఊరికి పైన ఉంది. విస్తళ్లకి వాడే అడ్డాకు అక్కడ దట్టంగా దొరికేది, ఆడవాళ్లు గుంపుగా వెళ్లి కోసుకొచ్చేవారు. బోటెక్కేముందే పడిందట అంటే నడిపేవాడూ నమ్మాడు, నేను చెప్పిందే ఊళ్లో నిలిచింది. అంత గట్టి మనిషిని పడేసిందంటే బండలో ఏదో ఉందన్నారు. ఇప్పుడటు ఎవరూ పోరు. తీగలు అల్లుకుపోయి, ఆకు ఎవరూ కొయ్యక రాలిపోతోంది. బోటులోంచి ఆ పచ్చదనం కనపడుతుంది. నేను రోజూ తల తిప్పుకుంటాను.

బుద్రి ఇప్పుడు వంగి నడుస్తుంది. మోపు ఎత్తలేదు. కొండపోడు ఎక్కలేదు. నడుము విరిగిన మొదటి ఏడాదే కూతురు బడి మానేసి తల్లి మోపులు మొయ్యడం మొదలుపెట్టింది. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు కొట్టేసిన చెయ్యి నాదే. బోటువల్ల అయిందని తెలిసి ఉంటే సంఘం ఆ ఇంటిని చూసుకునేది. పాస్టరుగారు అలాంటి మనిషే. నేను చెప్పలేదు. బుధవారం ప్రార్థనలో బుద్రి కోసం కన్నీళ్లతో ప్రార్థించింది మాత్రం నేనే. కన్నీళ్లు నిజమైనవే. అదే నాకు అసహ్యం.

తర్వాత వానలు తగ్గగానే రేకులు వేయించాను. ఎవరూ అడగకుండానే. రేకులు ముందే తెప్పించి ఉంచితే నూకరాజు పని మూడు రోజుల్లో ముగించాడు. మూడు రోజులు! రేకులు ముందే తెప్పిస్తే ఎన్నాళ్లని మొదటిసారే నోరు తెరిచి అడిగి ఉంటే అప్పుడూ మూడే అయ్యేవి. ముక్కు దిగింది. గాలిలోనూ బోటు నీళ్లని కోసుకుంటూ పోతోంది. ప్రయాణికుల క్షేమం పట్ల టీచరమ్మకున్న శ్రద్ధ అని చర్చి వేదిక మీద పాస్టరుగారు చప్పట్లు కొట్టించారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తెలియక చేసిన పాపాలు క్షమించమని వారం వారం ప్రార్థిస్తాం. తెలిసి చేసినదాన్ని ఏ వారం చెప్పాలి? చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పడానికి ఎన్నిసార్లో లేచాను. జ్వరం తగ్గినందుకు, ఇంక్రిమెంటు వచ్చినందుకు సాక్ష్యం చెప్పి కూర్చున్నాను. బుద్రికి తెలుగు రాదులే, నేనేం చెప్పానో ఆమెకి తెలియదులే అన్నదే ఇన్నాళ్లూ నా ఆసరా.

పోయిన నెల బడిలో వైద్య శిబిరం పెట్టారు. కొత్తగా వచ్చిన నర్సు, చిన్నపిల్ల, బుద్రి నడుము తడిమి చూసి ఇదెలా అయిందమ్మా అని అడిగింది. ఎదురుగా నేనున్నాను. ఒడియాలో అడుగుదామని నోరు తెరిచాను. బుద్రి నా అవసరం లేకుండానే జవాబు చెప్పింది. కళ్లు నా మీదే ఉన్నాయి.

“అడ్డాకు కోత్తా గద్దబండ మీంచి జారిపోనాను.”

తెలుగులో. నా వాక్యమే. ఒక్క మాట పొల్లుపోకుండా.

సంతలో తొమ్మిదేళ్ల కిందట కూడా ఆమె బేరాలాడింది తెలుగులోనే కదా. నాకు ఎందుకు తట్టలేదు? తట్టనివ్వలేదేమో. ఆ రోజు మంచం మీద అంతా అర్థమైంది ఆమెకి. నోరు మెదపలేదు. కూతురు నా బడిలో ఉందనా? నా మాట మీద తన మాట చెల్లదనా? నన్ను కాపాడిందా, నేను ఏపాటిదాన్నో తెలుసుకుని వదిలేసిందా? ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. నేను ఇంకా అదే అబద్ధం మీద నిలబడి ఉన్నానా లేదా అని చూసినట్టుంది. నిలబడ్డాను. నర్సు రాసుకుని పక్కకి జరిగింది.

క్షమించమని ఆమెని అడగలేదు. అడిగితే సరేలే టీచరమ్మా అంటుంది, నాకు తెలుసు. ఆ మాట కూడా ఆమె చేతే మోయించడం నాకిష్టం లేదు. ఇదీ ఒక సాకేనేమో. మీరే చెప్పండి. లేదా చెప్పకండి.

డాక్టరుగారు ఆ ఆసుపత్రిలో ఇప్పుడు లేరు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇదిగో జవాబు. ఆమె ఎక్కడి నుంచీ పడలేదు సార్. బోటు ముందుబల్ల మీద కూర్చుంది. కూర్చోమన్నది నేను.