ఆపని పాడె

మా పెద్దబాపు, మా బాపుకు అన్న, మొన్న మంగళవారం పోయాడు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. వార్త విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇంట్లోవాళ్ళు అన్నారు. ఉన్న మంచి రాస్తాను, మిగిలింది కూడా రాస్తాను.

ఆయనలో మంచి లేదని కాదు. నేను నర్సింగ్ చదువుకు మొదటిసారి హైదరాబాద్ పోతుంటే, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, బండి కదిలేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాడు. "భయమైతే టీసీకి నా పేరు చెప్పు బిడ్డా" అన్నాడు. అది మరిచిపోలేదు. కానీ ఆ మనిషికి ఎదురు చెప్పేవాళ్ళు మా ఇళ్ళలో ఒక్కరూ లేరు. పెళ్ళికి పిలిస్తే పంతులు కంటే ముందు తన వాచీ చూసేవాడు. అన్నం జర ఆలస్యమైతే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. "టైమంటే టైమే" అనేవాడు.

మా బాపు చనిపోయినప్పుడు నేను లండన్‌లో నర్సుగా ఉన్నాను. "రాత్రి తొమ్మిదికి విమానం పెద్దబాపూ, పది గంటల ప్రయాణం. నేను వచ్చేదాకా ఆపుండ్రి" అని ఫోన్‌లో బతిమాలాను. ఆయన వేళ్ళ మీద లెక్క వేశాడట. పొద్దున ఏడుకు శంషాబాద్, పదికల్లా హన్మకొండ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడట.

మా తమ్ముడు చెప్పి చూశాడు. "అక్కడి తొమ్మిది మనకు తొమ్మిది కాదు పెద్దబాపూ. అక్క వచ్చేసరికి సాయంత్రమైతది."

"దేశమంత తిరిగే రైళ్ళకు ఒక్కటే గడియారం రా. విమానానికి ఇంకోటి ఉంటదా? ఇంత సర్వీసు చేసిన నాకు టైం నేర్పుతున్నవా?"

మధ్యాహ్నం దాకా చూసి, పిల్లకు విమానం తప్పిపోయిందని తానే తేల్చి, పాడె ఎత్తించాడు. అప్పటికి నా విమానం ఇంకా నేల మీద వాలలేదు. నేను ఇల్లు చేరేసరికి మగవాళ్ళు స్మశానం నుంచి వచ్చి స్నానాలు చేస్తున్నారు. ఎందుకు ఆపలేదని అరిచాను. "లేటు చేసింది నువ్వు బిడ్డా" అన్నాడు. ఆ మాటకు ఆయన్ని బతికుండగా క్షమించలేదు. ఇప్పుడూ క్షమించను.

మంగళవారం ఆయన కూతురు దోహా నుంచి బయల్దేరింది. విమానం ఆలస్యమైంది. పొద్దు గుంకక ముందే తీసుకుపోవాలని పెద్దమనుషులు గొణగడం మొదలుపెట్టారు. నేను గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"చెల్లె మొఖం చూసుకునేదాక ఒక్కరు గూడ ఆయన్ని ముట్టద్దు."

"నీకు ఆయనంటే పడదు గద బిడ్డా?" అన్నది పెద్దమ్మ, ఏడుపు మధ్యలోనే.

"పడదు పెద్దమ్మా. ఆయన కోసం కూసోలే నేను."

ఇక రేపు పొద్దున్నే అనుకుని పెద్దమనుషులు విసుక్కుంటూ లేచిపోయారు.

దీపాలు పెట్టే వేళకు చెల్లె వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తి, తండ్రి చెంపలు రెండు చేతులతో పట్టుకుని "బాపూ, వచ్చిన" అన్నది.

ఆనాడు లండన్ నుంచి దారి పొడుగునా నేనూ ఆ మాటే అనుకుంటూ వచ్చాను. నేను చేరేసరికి బాపును పడుకోబెట్టిన చోట గచ్చు కడిగేశారు. ఆ తడి గచ్చుకే చెప్పుకున్నాను.