వెనక్కి తిప్పని తేదీ

మా ఊరి పోస్టాఫీసంటే మా మేనత్త ఇంటి ముందుగదే. మొదట దాన్ని నడిపింది ఆవిడ మామగారు. చూపు తగ్గి, ఒకరి ఉత్తరం ఇంకొకరికిచ్చి ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాక కోడలికి అప్పగించాడు. అప్పటినుంచి ముప్పై ఏళ్ళు ఆ బల్ల, ఆ కిటికీ, ఆ ముద్ర అత్తవే. కిటికీ చువ్వ ఒకటి ఊడిపోతే, పెద్ద కవర్లు పట్టడానికి బాగుందని మళ్ళీ పెట్టించనే లేదు.

రోజూ తొమ్మిదింటికి ముద్రలోంచి నిన్నటి తేదీ అచ్చులు పట్టకారుతో తీసి డబ్బాలో వేసేది. ఇవాళ్టివి పెట్టి, ముందు ఓ నోటుపుస్తకంలో గుద్ది చూసుకునేది. ఆ తర్వాతే ఉత్తరాల జోలికి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు ఆవిడకు కేలండరమ్మ అని పేరు పెట్టారు.

నేను నర్సింగు కోర్సుకు దరఖాస్తు పెట్టిన ఏడు, ఫొటోలు ఆలస్యమై గడువు ఒక్కరోజు దాటింది. కవరు మీద గడువు తేదీ ముద్ర ఉంటే చాలు, తీసుకుంటారు. నిన్నటి అచ్చులు ఎదురుగా డబ్బాలోనే ఉన్నాయి.

“అత్తా, ఒక్క గుద్దు. ఎవరు చూడొచ్చారు?”

“నేను చూస్తున్నాగా.”

మా నాన్న బతిమాలాడు, అరిచాడు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కవరు అక్కడ పెట్టి వెళ్ళమని, ఇవాళ్టి తేదీయే గుద్ది పంపింది. అది తిరిగొస్తే నా చేతికిచ్చిందీ ఆవిడే. ఒళ్ళు మండిపోయింది నాకు. మరుసటేడు సీటొచ్చినా ఆవిడతో ముక్తసరి మాటలే.

తొమ్మిదేళ్ళకి, రోడ్డు వెడల్పు చేస్తామని మా ఊరి దర్జీ ఆవిడ ఇంటికి నోటీసొచ్చింది. ఆమె గడువు రోజునే అభ్యంతరం పోస్టు చేసింది. ఆఫీసుకు మాత్రం ఆలస్యంగా చేరింది. అది చెల్లకపోతే ఇల్లు పోతుంది. విచారణకు అత్త నోటుపుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులు కదా అని, సెలవులో ఉన్న నేను తోడు వెళ్ళాను.

అధికారి ముద్ర చూసి నవ్వాడు. “పల్లెటూరి పోస్టాఫీసులు నాకు తెలియవా! కావలసినవాళ్ళకి తేదీ కాస్త వెనక్కి జరపరూ?”

దర్జీ ఆవిడ మొహం పాలిపోయింది. అత్త ఒళ్ళో నోటుపుస్తకం వైపే చూస్తూ కూర్చుంది. నిజాయితీపరులకి తమ గురించి చెప్పుకోవడం చేతకాదు కాబోలు. నేనే లేచాను.

“జరపదండీ. సొంత మేనకోడల్ని, కాళ్ళావేళ్ళా పడ్డాను. నాకు ఏడాది పోయింది. తిరిగొచ్చిన కవరు ఇంట్లోనే ఉంది.”

కోపంకొద్దీ దాచుకున్న కవరది. మర్నాడు దాన్నీ, ఆ ఏటి నోటుపుస్తకాన్నీ తెచ్చిస్తే, అధికారి ఆనాటి పేజీతో పోల్చి చూశాడు. ఇంకేం మాట్లాడకుండా దర్జీ ఆవిడ అభ్యంతరం గడువులోనే పంపినట్టు రాసి సంతకం చేశాడు. తర్వాత రోడ్డు మళ్ళీ కొలిచి ఆ ఇల్లు వదిలేశారు.

ఆ సంతకమైన రోజు, ఆఫీసు మెట్లు దిగుతూ అత్త ఆగింది.

“ఆ రోజు నువ్వు ఏడుస్తూ వెళ్ళాక, టపా సంచి కట్టేదాకా ఆ అచ్చుల డబ్బా ముందే కూర్చున్నానే,” అంది. “రెండుసార్లు మూత కూడా తీశాను.”